మారా, సెరెంగెటీ, అంబోసెలీ: మీ సెలవులు ఏ నెలలోనో చెబితే పార్క్ తేలిపోతుంది

మసాయ్ మారా మంచిదా, సెరెంగెటీ మంచిదా? తూర్పు ఆఫ్రికా సఫారీ అనగానే ముందు వచ్చే ప్రశ్న ఇదే. నిజానికి రెండూ ఒకే గడ్డిమైదానం. కెన్యా వైపు ముక్క మారా, 1,510 చదరపు కిలోమీటర్లు. టాంజానియా వైపుది సెరెంగెటీ, 14,763 చదరపు కిలోమీటర్లు. మధ్యలో కంచె లేదు. పదమూడు లక్షలకు పైగా వైల్డ్‌బీస్టులు (ఆవులా కనిపించే పెద్ద జింకజాతి జంతువులు), వాటి వెంట లక్షల్లో జీబ్రాలు, గజెల్లు ఏడాది పొడవునా పచ్చిక వెతుక్కుంటూ ఈ నేల మీద గుండ్రంగా తిరుగుతుంటాయి. మంద ఏ నెలలో ఎక్కడుంటుందో దాన్నిబట్టి మీరు ఎక్కడికి వెళ్లాలో తేలుతుంది. అందుకే ముందు సెలవు ఏ నెలలో దొరుకుతుందో చూసుకోండి, తర్వాత ఎన్ని రోజులో. ఈ రెండూ ఖాయమైతే జాబితాలో సగం పార్కులు వాటంతటవే తప్పుకుంటాయి.

మన సెలవులు, అక్కడి వానలు

తెలుగు కుటుంబాలకు అసలు చిక్కు వేసవి సెలవులు. పిల్లలకు ఏప్రిల్ చివర బడి మూస్తారు, జూన్ రెండో వారంలో తెరుస్తారు. తూర్పు ఆఫ్రికాలో మార్చి నుంచి మే దాకా పెద్దవానలు. గడ్డి నడుం ఎత్తు పెరుగుతుంది, ఎక్కడ చూసినా నీళ్లే కాబట్టి జంతువులు ఒకచోట చేరవు. మారాలో చాలా భాగం నల్లరేగడి నేల. రేగడి తడిస్తే బండి చక్రానికి ఏమవుతుందో గుంటూరు, కర్నూలు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఈ కాలంలో కొన్ని క్యాంపులు మూసేస్తారు కూడా. ఏప్రిల్‌లో ‘సగం ధరకే మారా’ అనే ప్యాకేజీ కనిపిస్తే ఆ సగం ఎందుకు తగ్గిందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

వేసవి తప్ప వేరే దారి లేకపోతే మే చివరి వారం నుంచి జూన్ 10 మధ్య పెట్టుకోండి. అప్పటికి వాన తగ్గుతుంది, దుమ్ము ఇంకా లేవదు, గాలి తేటగా ఉంటుంది కాబట్టి కెన్యాలోని అంబోసెలీ పార్క్ నుంచి కిలిమంజారో కొండ బాగా కనిపిస్తుంది. మారాలో రోజు టికెట్ జూన్ 30 దాకా పెద్దవాళ్లకు 100 డాలర్లే. జులై 1 నుంచి అదే టికెట్ 200. మంద మాత్రం అప్పటికి మారా చేరదు, సెరెంగెటీ పడమటి వైపు గ్రుమెటి నది దగ్గర ఉంటుంది. ఈ వారాల్లో టాంజానియా వెళ్లేవాళ్లు ఎన్గొరొంగొరో బిలాన్నీ (పాత అగ్నిపర్వతం కూలి ఏర్పడిన పెద్ద గుంట), సెరెంగెటీ నడిబొడ్డున ఉన్న సెరొనెరా లోయనీ నమ్ముకోవచ్చు. ఆ రెండుచోట్లా సింహాలు, దుమ్ములగొండులు, ఏనుగులు వలస పోకుండా ఏడాదంతా అక్కడే ఉంటాయి. తరంగిరె మాత్రం వద్దు. వానలు పడ్డాక అక్కడి ఏనుగులు పార్క్ దాటి చుట్టుపక్కలకు చెదిరిపోతాయి.

దసరా సెలవులు బంగారం లాంటివి. సెప్టెంబర్, అక్టోబర్‌లో ఎండలు ముదిరి నీళ్లు కొద్దిచోట్లే మిగులుతాయి. మారా నది దాటే మందలు, తరంగిరె నది ఒడ్డున వందల ఏనుగులు, పొట్టి గడ్డిలో దూరం నుంచే కనిపించే చీతాలు, అన్నీ ఈ కాలంలోనే. ఖర్చూ ఈ కాలంలోనే ఎక్కువ. మంచి క్యాంపు కావాలంటే ఎనిమిది, పది నెలల ముందే అడగాలి.

సంక్రాంతికి వెళ్తే మారాను పక్కన పెట్టండి. జనవరికి మందలు సెరెంగెటీ దక్షిణాన ఎన్‌డుటు చుట్టూ పొట్టిగడ్డి మైదానాల్లో ఉంటాయి. పాత అగ్నిపర్వతాల బూడిద పడిన నేల అది. ఆ గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువ కాబట్టి చూడి వైల్డ్‌బీస్టులు పాలకోసం అక్కడికే వస్తాయి. ఈతలు జనవరి చివర మొదలై ఫిబ్రవరిలో ముమ్మరమవుతాయి. కొద్దివారాల్లోనే లక్షల దూడలు. పుట్టిన దూడ నిమిషాల్లో లేచి నిలబడి తల్లి వెంట పరిగెడుతుంది, పరిగెత్తకపోతే చీతా ఉంది. పండగ తర్వాత రెండు వారాలు ఆగి ఫిబ్రవరి మొదట్లో వెళ్లగలిగితే ఇంకా మంచిది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఎక్కువగా డిసెంబర్ చివరి వారం దొరుకుతుంది. మారాలో అప్పటికి మంద ఉండదు గానీ టికెట్ మాత్రం డిసెంబర్ 31 దాకా 200 డాలర్లే. జనవరి 1న వంద. ఆ వారానికి కెన్యాలోనే అంబోసెలీ, త్సావో పార్కులు కలిపి చూడటమో, టాంజానియా వైపు వెళ్లడమో లాభం.

మారాలో రాత్రి ఎక్కడ పడుకుంటారనేదే సగం సఫారీ

నైరోబి నుంచి నారోక్ మీదుగా సెకెనాని గేటుకు రోడ్డున అయిదారు గంటలు. విల్సన్ ఎయిర్‌పోర్ట్ నుంచి చిన్న విమానంలో అయితే గంటలోపే. చిన్న విమానంలో లగేజీ మనిషికి 15 కిలోలే, అదీ మెత్తని సంచిలో. చక్రాల సూట్‌కేసు గట్టిగా ఉంటే పొట్టలో దూరదు, నైరోబి హోటల్లో వదిలేయాల్సి వస్తుంది. ఈ 15 కిలోల్లోనే కెమెరా, చేతిసంచి కూడా లెక్క.

బస మూడు రకాలు. గేటు బయట, రిజర్వ్ లోపల, పక్కనున్న కన్సర్వెన్సీల్లో.

గేటు బయట బస చవక. కానీ ఉదయం 6కు గేటు తెరిచాక లోపలికి వెళ్లి, నది దాకా చేరేసరికి మంచి వెలుతురు దాటిపోతుంది. లోపల బస ఖరీదు, పొద్దున్నే జంతువుల మధ్యే లేస్తారు. టికెట్ పన్నెండు గంటలకే, ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా. లోపల ఉన్నవాళ్లు బయల్దేరే రోజు ఉదయం 10 లోపు గేటు దాటకపోతే ఆ రోజుకూ మళ్లీ టికెట్ కొనాలి. నలుగురు పెద్దవాళ్లకు ఆగస్టులో అది 800 డాలర్లు. చివరి ఉదయం ‘ఇంకొక్క రౌండ్’ అనుకునే ముందు గడియారం చూసుకోండి, మీ క్యాంపు నుంచి గేటుకు ఎంత దూరమో ముందురోజే అడగండి. 9 నుంచి 17 ఏళ్ల పిల్లలకు టికెట్ 50 డాలర్లు, అంతకంటే చిన్నవాళ్లకు ఉచితం.

కన్సర్వెన్సీ అంటే మసాయ్ కుటుంబాలు తమ భూమిని క్యాంపులకు కౌలుకిచ్చిన ప్రాంతం. మారా నార్త్, నబోయిషో, ఒలారె మొతొరొగి, ఒల్ కిన్యెయ్ అలాంటివి. అక్కడ బస చేసినవాళ్లకే ప్రవేశం. బాట వదిలి జంతువు దగ్గరికి బండి పోనిస్తారు, రాత్రి సఫారీ ఉంటుంది, సాయుధ గార్డుతో నడక ఉంటుంది. రిజర్వ్‌లో ఈ మూడూ కుదరవు. ఒక సింహం చుట్టూ ఎన్ని బళ్లు ఆగొచ్చో కన్సర్వెన్సీలో లెక్క ఉంటుంది. రిజర్వ్‌లో ఆగస్టు నెలలో చిరుత చెట్టు మీదుంటే కింద పెళ్లిబస్సుల్లా బళ్లు ఆగిపోతాయి. మూడు రాత్రులుంటే రెండు కన్సర్వెన్సీలో, ఒకటి నదికి దగ్గరగా రిజర్వ్‌లో గడపడం మా ఓటు. వాటి ధర చూసి వెనక్కి తగ్గినవాళ్లకు మారా ట్రయాంగిల్ ఉంది. నదికి పడమటి ముక్క, 2001 నుంచి వేరే సంస్థ నిర్వహణలో ఉంది. రోడ్లు బాగుంటాయి, బళ్లు తక్కువ. అయితే నది దాటేందుకు వంతెనలు తక్కువ కాబట్టి తూర్పున బస పెట్టుకుని రోజూ ట్రయాంగిల్‌కు వెళ్లొద్దామనే ఆలోచన పెట్టుకోకండి.

నది దాటడం గురించి నిజం

జులై చివర నుంచి అక్టోబర్ మధ్య దాకా మారా నదిని మందలు దాటుతాయి. ఒక్కసారి కాదు, అటూ ఇటూ చాలాసార్లు. మబ్బు ఎటు కనిపిస్తే అటు కదులుతాయి. ‘క్రాసింగ్ గ్యారంటీ’ అని ఎవరైనా చెబితే అది అరచేతిలో వైకుంఠం. ఒడ్డున జరిగేది ఇలా ఉంటుంది. వేలల్లో మంద మట్టిగట్టు మీదికి వచ్చి ఆగుతుంది. ముందువరస నీళ్లు వాసన చూస్తుంది, వెనకవాళ్లు తోస్తారు, దుమ్ము లేస్తుంది. ఒక జీబ్రా దిగి మోకాలిలోతు నడిచి, ఎందుకో బెదిరి వెనక్కి వస్తుంది. మంద మొత్తం గిరుక్కున తిరిగి గట్టెక్కి గడ్డి మేయడం మొదలుపెడుతుంది. కళ్లు కాయలు కాచేలా నాలుగు గంటలు ఎదురుచూసినవాళ్లు లంచ్ బాక్సు తీస్తారు. సరిగ్గా అప్పుడే ఒకటి దూకుతుంది, పది నిమిషాల్లో వేలు దాటేస్తాయి.

అందుకే క్రాసింగ్ కోసమే వెళ్లేవాళ్లు నదికి దగ్గర్లో కనీసం మూడు పూర్తి రోజులు పెట్టుకోవాలి. ఒక్కరాత్రి మారాతో ఇది కుదిరే పని కాదు. మొదటి జంతువు నీళ్లలో దిగేదాకా బండి గట్టుకు దూరంగా ఉండాలి. ముందే వెళ్లి దారికి అడ్డం నిలబడితే మంద దాటదు, రేంజర్ జరిమానా వేస్తాడు. డ్రైవర్‌ను ‘ఇంకొంచెం ముందుకు’ అని తొందరపెట్టేది ఎక్కువగా వెనక కూర్చున్న మనమే.

ఇదే దృశ్యాన్ని తక్కువ బళ్లతో చూడాలంటే సెరెంగెటీ ఉత్తరాన కొగటెండె ఉంది. నదీ అదే, మందా అదే. అరూషా నుంచి చిన్న విమానంలో వెళ్లాలి, లేదా సెరొనెరా నుంచి సగం రోజు మట్టిరోడ్డు. డబ్బు ఉండి, జనం పడనివాళ్లకు మారాకంటే ఇదే మేలు.

టాంజానియాలో గడియారమే యజమాని

ఉత్తర టాంజానియా సఫారీ అరూషా నుంచి మొదలవుతుంది. తరంగిరెకు 120 కిలోమీటర్లు, రెండు గంటలు. ఎన్గొరొంగొరో గేటుకు సుమారు మూడు గంటలు, అక్కడిదాకా తారురోడ్డే. గేటు దాటాక సెరొనెరాకు మట్టిరోడ్డు, అరూషా నుంచి మొత్తం ఏడెనిమిది గంటలు. నాలుగు రోజుల ట్రిప్‌లో సెరెంగెటీ కూడా ఇరికించేవాళ్లు పగళ్లన్నీ బండిలోనే గడుపుతారు. నాలుగు రోజులే ఉంటే తరంగిరె, ఎన్గొరొంగొరో చాలు. సెరెంగెటీ కావాలంటే ఆరు రోజులు.

టికెట్లు ఇక్కడ 24 గంటలవి. ఎక్కువ కాలం వర్తించే ధరలో సెరెంగెటీకి పెద్దవాళ్లకు పన్నుతో కలిపి 82.60 డాలర్లు, ఎన్గొరొంగొరోకు 70.80. పదహారేళ్లు నిండితే ఇక్కడ పెద్దవాళ్ల లెక్కే, మారాలో 17 దాకా పిల్లలే. ఇంటర్ చదివే పిల్లలుంటే ఈ తేడా గమనించండి. పార్క్ లోపల బస చేస్తే రాత్రికి మనిషికి ఇంకో రుసుము ఉంటుంది, అది గది ధరలో కలిసిందో లేదో అడగాలి.

అసలు మెలిక ఏమిటంటే సెరెంగెటీకి దారి ఎన్గొరొంగొరో ప్రాంతం గుండానే పోతుంది. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ఆ టికెట్ కట్టాలి. వచ్చేదారిలో కిందికి దిగి కరాతు ఊళ్లో పడుకుని, మర్నాడు బిలం కోసం మళ్లీ పైకి వెళ్తే మూడోసారి కూడా కట్టాలి. తెలిసిన ఆపరేటరు బిలాన్ని వెళ్లేదారికో వచ్చేదారికో కలిపేసి ఆ 24 గంటల్లోనే ముగిస్తాడు. మీకు వచ్చిన ప్లానులో బిలం విడిగా ఒక రోజు కూర్చుని ఉంటే కారణం అడగండి.

బిలంలోకి దిగడానికి బండికి ఒకసారికి 250 డాలర్లు, పన్నుతో 295. ఇద్దరే వెళ్తే తలకు దాదాపు 150, ఆరుగురైతే 50. జంటలు ఇంకో జంటతో కలవడానికి ఇంతకంటే మంచి కారణం లేదు. 

నలుగురు పెద్దవాళ్లు ఒక బండిలో సెరెంగెటీలో 48 గంటలు, ఎన్గొరొంగొరో దారి రెండుసార్లు, బిలం ఒకసారి అనుకుంటే తలకు ప్రవేశ రుసుములే 380 డాలర్లు దాటతాయి. లోపల రెండు రాత్రుల రుసుము అదనం. ఆగస్టులో మారాలో మూడు రోజుల టికెట్లే 600. కాబట్టి ‘టాంజానియా ఖరీదు, కెన్యా చవక’ అనే పాతమాట ఏడాదిలో రెండో సగానికి వర్తించదు. జనవరి నుంచి జూన్ దాకా మాత్రం కెన్యాదే పైచేయి.

ఇంకో ఇబ్బంది. సెరెంగెటీలోకి నాబి హిల్ గేటులో మధ్యాహ్నం 2కు ప్రవేశిస్తే రెండు రోజుల తర్వాత 2 లోపు బయటపడాలి. చివరిరోజు పదకొండింటికి చిరుత కనిపించినా డ్రైవర్ కాలు యాక్సిలరేటర్ మీదే ఉంటుంది. మధ్యాహ్నం కాస్త ఆలస్యంగా గేటు దాటేలా ప్లాను వేస్తే ఆ చివరి ఉదయం మీ చేతిలో ఉంటుంది.

బిలం గురించి రెండు మాటలు. అడుగున 260 చదరపు కిలోమీటర్ల పచ్చికబయలు, చుట్టూ 600 మీటర్ల గోడ. సింహం, ఏనుగు, అడవిదున్న, ఖడ్గమృగం ఒక్కపూటలో కనిపించే అవకాశం ఇంతగా ఇంకెక్కడా లేదు. చిరుత దొరకడం కష్టం. ఖడ్గమృగం చాలాసార్లు దూరంగా నల్లచుక్కలా ఉంటుంది, మనిషికొక బైనాక్యులర్ లేకపోతే గొడవలే. 8×42 సైజు సరిపోతుంది. జిరాఫీలు బిలంలో ఉండవు, ఏటవాలు గోడ దిగలేవని చెబుతారు. ఏనుగులూ దాదాపు అన్నీ ముసలి మగవే. గున్నలతో మందలు చూడాలంటే తరంగిరెకో అంబోసెలీకో పోవాలి. అంచున ఎత్తు 2,200 మీటర్లు పైనే. జులైలో తెల్లవారుజామున పొగమంచు, వణికించే చలి. హైదరాబాద్ డిసెంబర్‌కు కొన్న స్వెటర్ ఒక్కటీ చాలదు. భోజనం ఎన్గొయ్‌టొకిటొక్ అనే మడుగు పక్కన పెడతారు. అక్కడ గద్దలు కాచుకుని ఉంటాయి. బండి దిగి చేతిలో శాండ్‌విచ్ పట్టుకుంటే వెనకనుంచి తన్నుకుపోతుంది, వేళ్లకు గోళ్లు గీరుకుంటాయి. లోపల కూర్చునే తినండి.

ఎన్‌డుటు కూడా ఎన్గొరొంగొరో ప్రాంతంలోదే. బాట వదిలి బండి పోనివ్వడానికి అక్కడ అనుమతి ఉంది, సెరెంగెటీలో లేదు. ఫిబ్రవరిలో చీతా వేట చూడాలనుకునేవాళ్లకు ఈ ఒక్క నియమమే పెద్ద తేడా. హద్దు దాటి సెరెంగెటీలోకి ఒక్క పూట వెళ్లినా ఆ టికెట్ వేరే.

మిగతావి ఎవరికి

అంబోసెలీ 392 చదరపు కిలోమీటర్ల చిన్న పార్క్. నైరోబి నుంచి నాలుగు గంటలు. ఏనుగుల కోసమే వెళ్లాలి. 1972 నుంచి అక్కడి ఏనుగు కుటుంబాలను పరిశోధకులు పేరుపేరునా గుర్తిస్తూ వస్తున్నారు కాబట్టి బండిని చూసి బెదరవు. కిలిమంజారో అడుగునుంచి ఊరే నీళ్లు బురదమడుగులుగా తేలతాయి, ఎండాకాలంలోనూ ఏనుగులు కడుపులోతు దిగి గడ్డి పీకుతుంటాయి. కొండ తెల్లవారుజామున, సాయంత్రం కనిపిస్తుంది. తొమ్మిది, పది దాటితే మబ్బు కప్పేస్తుంది. అంటే నైరోబి నుంచి మధ్యాహ్నానికి చేరి మర్నాడు ఉదయమే తిరిగొచ్చే ఒక్కరాత్రి ప్లానులో కొండకు రెండే అవకాశాలు. రెండు రాత్రులు పెట్టండి. ఖడ్గమృగం అక్కడ లేదు, సింహాలు తక్కువ. ప్రవేశ రుసుము మారా జులై–డిసెంబర్ ధరలో సగం కూడా ఉండదు.

త్సావో తూర్పు, పడమర కలిపి దాదాపు 22,000 చదరపు కిలోమీటర్లు. ఎర్రమట్టి పూసుకున్న ఏనుగులు. జంతువులు పలచగా ఉంటాయి, ఓపిక కావాలి. నైరోబి–మొంబాసా రైల్లో వోయ్ స్టేషన్లో దిగి వెళ్లొచ్చు, మొంబాసా బీచ్‌తో కలుపుకునేవాళ్లకు ఇదే సులువు. 1898లో ఆ రైలుమార్గం వేస్తున్నప్పుడు రెండు సింహాలు మనుషులను తిన్నది ఇక్కడే. చనిపోయినవాళ్లలో భారతదేశం నుంచి తీసుకెళ్లిన కూలీలు చాలామంది.

నకురు సరస్సుకు ఫ్లెమింగోల కోసం వెళ్లకండి. గులాబీరంగు ఒడ్డు ఫొటోలు పాతవి. నీటిమట్టం పెరిగి ఉప్పదనం తగ్గాక చాలా పక్షులు బొగోరియా సరస్సు వైపు వెళ్లిపోయాయి. ఫ్లెమింగోలే కావాలంటే మన సూళ్లూరుపేట దగ్గర పులికాట్ ఉండనే ఉంది. నకురుకు వెళ్లాల్సింది ఖడ్గమృగాల కోసం, తెల్లవీ నల్లవీ రెండూ. నైరోబి నుంచి మారాకు కాస్త చుట్టు తిరిగి వెళ్లేవాళ్లకు ఒక రాత్రికి బాగా సరిపోతుంది.

సంబురు కెన్యా ఉత్తరాన ఎండిన నేల. గీతలు సన్నగా ఉండే గ్రేవీ జీబ్రా, వలలాంటి మచ్చల జిరాఫీ, రెండు కాళ్ల మీద నిలబడి ఆకు తినే గెరెనుక్, ఒరిక్స్, సోమాలీ నిప్పుకోడి అక్కడే చూడాలి. మారా ఒకసారి చూసినవాళ్లకు రెండో ట్రిప్ ఇది.

దారెస్సలాంలో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లు ఉత్తరానికి పరుగెత్తక్కర్లేదు. మొరొగొరో దాకా రైలు, అక్కడినుంచి రోడ్డు పడితే మికుమి వారాంతంలో అయిపోతుంది. న్యెరెరె పార్కులో రుఫిజి నది మీద పడవ సఫారీ ఉంది. హిప్పోలు, మొసళ్లు నీటిమట్టం నుంచి చూడటం, అడవికుక్కలు దొరికే అవకాశం ఉత్తరాన అరుదు. మార్చి నుంచి మే దాకా అక్కడి రోడ్లు మునుగుతాయి.

గొరిల్లాలు వేరే లోకం. ఇది బండి సఫారీ కాదు, కొండ ఎక్కుడు. ఉగాండాలో పర్మిట్ 800 డాలర్లు, రువాండాలో 1,500. రెండుచోట్లా ఎనిమిదిమంది గుంపు, గొరిల్లాల దగ్గర గంటసేపు, వయసు 15 నిండాలి. జలుబుంటే పంపరు. రువాండాలో కిగాలి నుంచి రెండున్నర గంటల్లో కొండ దగ్గరుంటారు. ఉగాండాలో ఎంటెబ్బె ఎయిర్‌పోర్ట్ నుంచి గొరిల్లాలుండే బ్విండి అడవికి ఎనిమిది నుంచి పది గంటలు. మధ్యేమార్గం ఉంది. కిగాలిలో దిగి, సరిహద్దు దాటి, బ్విండి దక్షిణ భాగానికి నాలుగు గంటల్లో చేరడం. ఇక్కడ జరిగే పెద్ద తప్పు పర్మిట్ బ్విండి దక్షిణాన రుషగా సెక్టార్‌కు, లాడ్జి ఉత్తరాన బుహొమాలో పెట్టుకోవడం. మ్యాపులో పక్కపక్కనే ఉంటాయి గానీ మధ్యలో కొండదారి గంటలు పడుతుంది, ఉదయం హాజరు అందదు. ముందు పర్మిట్ ఏ సెక్టార్‌దో చూసి తర్వాత గది తీసుకోండి. పోర్టరును పెట్టుకోండి, మోకాళ్లు బాగున్నా సరే. దిగేటప్పుడు చెయ్యిచ్చేది అతనే.

మారా, సెరెంగెటీ రెండూ కలిపి

మ్యాపులో ఆనుకుని ఉన్నాయని నేరుగా దాటొచ్చనుకుంటారు. పార్కుల మధ్య పర్యాటకులకు దారి మూసి ఉంది. పడమర వైపు ఇసెబానియా సరిహద్దుకు చుట్టూ తిరగాలి, అక్కడ కెన్యా బండి దిగి టాంజానియా బండి ఎక్కాలి. ఒక పగలంతా పోతుంది. ఎనిమిది రోజులలోపు ఉంటే ఒకే దేశం చాలు. అంబోసెలీ, ఉత్తర టాంజానియా కలుపుకోవడం తేలిక. నమంగ సరిహద్దు రెండింటికీ దగ్గరే.

వీసా ఖర్చు కూడా చూసుకోండి. కెన్యాకు ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి 30 డాలర్లు. టాంజానియాకు వీసా 50. వంద డాలర్ల తూర్పు ఆఫ్రికా టూరిస్ట్ వీసా కెన్యా, ఉగాండా, రువాండాలకు 90 రోజులు పనిచేస్తుంది. టాంజానియా అందులో లేదు.

బండి, సూది, పచ్చడి

ప్యాకేజీలో ‘సఫారీ వెహికల్’ అని మాత్రమే రాస్తే అది పైకప్పు లేచే వ్యానే అనుకోండి. ఎండాకాలంలో అంబోసెలీ, నకురులకు వ్యాను చాలు. మారాకు వానలో, టాంజానియాకు ఎప్పుడైనా పొడుగు ల్యాండ్ క్రూయిజర్ కావాలి. అందులో ఏడు సీట్లున్నా ఆరుగురి కంటే ఎక్కువ ఎక్కిస్తే ఒకరికి కిటికీ ఉండదు, కప్పు లేపినప్పుడు మోచేతులు తగులుతాయి.

కెన్యా, ఉగాండా వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. పత్రం లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టాంజానియాకు మాత్రమే వెళ్తున్నా నైరోబి మీదుగా మారి వెళ్తుంటే వేయించుకోవడమే క్షేమం. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. అపాయింట్‌మెంట్ దొరకడానికి సమయం పడుతుంది, చివరి వారానికి పెట్టుకోకండి. ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది. గుడ్డు పడనివాళ్లు, అరవై దాటినవాళ్లు ముందు డాక్టర్‌ను కలవాలి. మలేరియా మాత్రల మాట కూడా అప్పుడే అడగండి.

నీలం, నలుపు బట్టలు వద్దు. తరంగిరెలో, సెరెంగెటీ పడమటి భాగంలో ఉండే చెచె ఈగలకు ఆ రంగులంటే ఇష్టం, జీన్స్ గుండా కూడా కుడతాయి. మిలిటరీ మచ్చల బట్టలు కెన్యా, ఉగాండాలో చట్టరీత్యా నిషేధం.

పచ్చళ్లు, పొడులు తీసుకెళ్లేవాళ్లకు ముఖ్యమైన మాట. ప్లాస్టిక్ కవర్లు కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి నిషేధం. కెన్యా పార్కుల్లోకి ఒకసారి వాడి పారేసే నీళ్ల సీసాలు కూడా తీసుకెళ్లకూడదు. ఆవకాయకు గట్టి మూత స్టీలు డబ్బా, కందిపొడికి గుడ్డసంచిలో చిన్న డబ్బా. శాకాహారం పెద్ద సమస్య కాదు. నైరోబి, అరూషాల్లో తరతరాలుగా భారతీయులు ఉన్నారు, చపాతీ, సమోసా అక్కడి తిండిలోనే కలిసిపోయాయి. తేడా వచ్చేది దారిలో ఇచ్చే లంచ్ బాక్సుతోనే. అందులో మామూలుగా కోడికాలు ఉంటుంది. ప్రతి లాడ్జిలోనూ ముందురోజు రాత్రే మళ్లీ చెప్పండి, గుడ్డు కూడా తినకపోతే ఆ మాట విడిగా చెప్పాలి.

అడ్వాన్సు పంపే ముందు ఆపరేటరు దగ్గర ఇవి రాతపూర్వకంగా తీసుకోండి: బండి ఏ రకం, అందులో ఎంతమంది, ప్రతి గేటు టికెట్ ఏ రోజుకు ఎన్ని గంటలది, పన్ను కలిసిందా, క్యాంపు పేరు, అది గేటు లోపలా బయటా, బిలం రుసుము ఎవరు కడతారు. ‘ఆ స్థాయి క్యాంపు లేదా దానికి సమానమైనది’ అని రాసి ఉంటే ఆ సమానమైనదాని పేరు కూడా అడగండి. మారాలో ఆ ఒక్క మాటతో నది ఒడ్డు నుంచి గేటు బయటికి, రోజుకు మూడు గంటల గతుకులరోడ్డు మీదికి చేరుతారు.